కాగితం కబుర్లు: బనియన్ ముక్కల్లోంచి పెళ్లి కార్డు

ప్రశ్న: మా అబ్బాయి పెళ్లికి హ్యాండ్‌మేడ్ పేపర్ మీద కార్డులు వేయిద్దామనుకుంటున్నాం. షాపులో ‘ఇది సాంగనేర్ సరుకు, కాగ్జీలు చేసింది’ అంటూ మామూలు కార్డుకి రెట్టింపు చెబుతున్నారు. ఈ కాగ్జీలు ఎవరు? చేత్తో చేసిన కాగితమో కాదో మాకెలా తెలుస్తుంది? – ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ముందుగా పెళ్లివారికి శుభాకాంక్షలమ్మా. కాగజ్ అంటే కాగితం, మన మాట కూడా అందులోంచి వచ్చిందే. కాగితం చేసేవాళ్లు కాగ్జీలు. పనే వాళ్ల ఇంటిపేరైంది. సాంగనేర్ జైపూర్‌ని ఆనుకునే ఉంటుంది. 16వ శతాబ్దంలో అంబేర్ రాజా మాన్‌సింగ్ తమ పెద్దల్ని అక్కడికి తెచ్చాడని వాళ్లు చెబుతారు. పక్కనే నది. కాగితానికి కావలసింది మొదట నీళ్లే కదా. రాజుగారి దస్తావేజులు, జాతకాలు, షావుకార్ల ఎర్రగుడ్డ బైండు పద్దు పుస్తకాలు, అన్నిటికీ కాగితం వాళ్లదే.

మా నాన్న హైదరాబాద్ ఛత్తా బజార్‌లో కాగితం కొట్టు పెట్టిన కొత్తల్లో నన్ను వెంటబెట్టుకుని సాంగనేర్ వెళ్లారు. అప్పటికి నాకు మీసాలు కూడా రాలేదు. ఊళ్లోకి అడుగుపెట్టగానే కాగితం కనిపిస్తుందనుకున్నాను. కనిపించింది బనియన్ ముక్కల గుట్ట! తిరుప్పూర్ ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిన తెల్ల కత్తిరింపులు. ఆడవాళ్లు నేలమీద కూర్చుని ఒక్కో ముక్కా విప్పి చూసి, ఎలాస్టిక్కులు, నైలాన్ కుట్లు ఏరి పారేస్తున్నారు. ఒక్క నైలాన్ దారం గుజ్జులోకి పోయిందంటే ఆ షీటు మీద వెంట్రుక పడ్డట్టే కనిపిస్తుంది. వాళ్ల తాతల కాలంలో పాత జనపనార తాళ్లు, గోనె సంచులు సున్నం నీళ్లలో నానబెట్టి, ఢేంకీ అనే కాలితో తొక్కే రోకలి కింద దంచేవాళ్లట. ఇప్పుడా పని కరెంటు మీద తిరిగే బీటర్ అనే యంత్రం చేస్తోంది.

గుజ్జు పలచటి గంజిలా ఉంటుంది. తొట్టి దగ్గర నిలబడ్డ పెద్దాయన జల్లెడ బిగించిన చెక్క చట్రాన్ని అందులో ముంచి, పైకెత్తి, ముందుకీ వెనక్కీ ఒకసారి, అటూ ఇటూ ఒకసారి ఊపాడు. అంతే. నీరంతా కిందికి జారి తెల్లటి పొర మిగిలింది. దాన్ని తడిగుడ్డ మీద ఇడ్లీ రేకు బోర్లించినట్టు బోర్లించి చట్రం లేపేశాడు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవాళ్లని చూశారా? కుండ మీద పిండి గుడ్డ ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. మందం కొలిచేది వాళ్ల మణికట్టే. ఇక్కడా అంతే. వంద షీట్లు తీసినా ఒకే బరువు రావాలి. నన్నూ ఒకటి తీయమన్నారు. ఒక మూల అట్టలా, ఇంకో మూల చిల్లులతో వచ్చింది. పెద్దాయన నవ్వి దాన్ని మళ్లీ తొట్టిలో కలిపేశాడు. ఈ పనిలో తప్పు చేసినా సరుకు వృథా కాదు!

మిల్లు కాగితం చవగ్గా వచ్చాక కాగ్జీల పని దెబ్బతింది, చాలామంది వేరే పనులకి పోయారు. మన దగ్గరా అలాంటి ఊరుంది: పాత హైదరాబాద్ సంస్థానంలో, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న దౌలతాబాద్ పక్కన కాగజీపురా. ఆ ఊరు చేతి కాగితానిదైతే, 1938లో మొదలైన సిర్పూర్ మిల్లుతో ఎదిగిన కాగజ్‌నగర్ యంత్రానిది. రెండు ఊళ్ల పేర్లలోనూ కాగజే. ఇటు 1934లో గాంధీజీ వార్ధాలో పెట్టించిన గ్రామ పరిశ్రమల సంఘం, దాన్ని నడిపిన గాంధేయ ఆర్థికవేత్త కుమారప్ప గారు చేతి కాగితాన్ని మళ్లీ పట్టించుకున్నారు. 1938 హరిపుర కాంగ్రెస్ సభలో తమ పెద్దాయన ఒకరు కాగితం తీసి చూపించారని సాంగనేర్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చేతికాగితం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఒకటి కుమారప్ప గారి పేరుతో ఆ ఊళ్లోనే ఉంది.

అయితే నా లెక్కలో వాళ్లని అసలు నిలబెట్టింది కొనేవాళ్లు మారడం. పద్దు పుస్తకాలు కొనే షావుకారు పోయాడు, డైరీలు, గిఫ్టు సంచులు, స్క్రాప్‌బుక్కులు కొనే విదేశీ దుకాణాలు వచ్చాయి. మా కొట్టు కథా అదే. నాన్న చిట్టా ఆవర్జాలు అమ్మారు, నేను క్విల్లింగ్ కాగితాలు (చుట్టలు చుట్టి బొమ్మలు చేసే సన్నటి రంగు పట్టీలు), బ్రష్షులు అమ్ముకుంటున్నాను.

ఇక మీ అసలు అనుమానం. వెనకటికి నేనూ మోసపోయాను. ఒక వ్యాపారి అంచులు స్కేలుతో చింపిన యంత్రపు కాగితం ఐదు వందల షీట్లు అంటగట్టాడు. అప్పట్నుంచీ నేను చూసేది రెండే. ఒకటి, అంచు. కత్తిరించని పూర్తి షీటు అడిగి చూడండి, చేత్తో తీసినదైతే నాలుగు వైపులా పలచబడుతూ ఈకలా ముగుస్తుంది. రెండు, చింపడం. అడ్డంగా, నిలువుగా చింపండి. యంత్రపు కాగితం ఒకవైపు తిన్నగా చిరుగుతుంది, రెండోవైపు వంకరపోతుంది. చేతి కాగితంలో రెండు వైపులా దాదాపు ఒకేలా చిరుగుతుంది, పెద్దాయన అటూ ఇటూ ఊపింది అందుకే.

ఒక మాట, పూలరేకులు పొదిగిన కాగితం మాత్రం వద్దు. ఇది నా ఇష్టం అనుకోండి. రెండేళ్లకే రేకులు గోధుమరంగుకి తిరుగుతాయి. ప్రింటింగ్‌కి ఇచ్చేముందు ఒక్క షీటు మీద సిరా పరీక్ష చేయించండి. సైజింగ్, అంటే సిరా పీల్చకుండా పట్టించే గంజిలాంటి పూత, తక్కువైతే అక్షరాలు వానలో తడిసిన బొట్టులా పాకుతాయి.

ప్రశ్న: తాతగారి పాత పద్దు పుస్తకాలు దొరికాయి. కాగితం నున్నగా మెరుస్తోంది. లామినేట్ చేయించమంటారా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు బాబూ, వద్దు. లామినేషన్ మళ్లీ ఊడదు. ఆ నునుపు చాలావరకు గంజి పూసి గులకరాయితోనో గవ్వతోనో రుద్దినది, వేడికి పాడవుతుంది. నీడలో గాలి తగిలేలా ఆరబెట్టి, బీరువాలో గోడకి తగలకుండా పెట్టండి. గంజి ఉంది కాబట్టి పురుగులు రుచి మరుగుతాయి, ఏడాదికి రెండుసార్లయినా పేజీలు తిప్పి చూడండి.

ప్రశ్న: వేసవి సెలవుల్లో మా పాపతో ఇంట్లో కాగితం చేయించవచ్చా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: భేషుగ్గా. ఎంబ్రాయిడరీ రింగుకి దోమతెర గుడ్డ బిగించండి. పాత నోటుపుస్తకాల కాగితాలు రాత్రంతా నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి మిక్సీలో తిప్పండి. ఇంట్లో చట్నీ చేసే జారు మాత్రం వాడకండి. మొదటి నాలుగూ చిల్లులు పడతాయి, ఐదోదాన్ని దాచమనండి.