జేబు టార్చి దండగ కాదు, దాని పెట్టె మీదే నా కోపం

"ఫోన్‌లోనే లైటు ఉంది కదా, వేరే జేబు టార్చి కొనడం దండగ కాదా? ఈమధ్య కొన్నవాళ్లు ఎలా ఉందో చెప్పండి" అని అడిగారు.

దండగ కాదు. రాత్రిపూట బయటికి కాలు పెట్టాల్సిన పని ఉన్న ఏ మనిషికీ ఫోన్ లైటు సరిపోదు. ఆ వెలుతురు పాదాల దగ్గరే పరుచుకుపోతుంది, కాస్త దూరాన ఏముందో సరిగ్గా కనపడదు. తడి చేత్తో పట్టుకోలేం. జారి బోదెలో పడితే లైటుతోపాటు ఫోనూ పోయినట్టే.

నేను కొన్నది నాన్న కోసం. మాది తెనాలి దగ్గర పల్లె. కాలవ నీళ్లు వంతుల మీద వస్తాయి. మన వంతు రాత్రి రెండింటికి వస్తే రెండింటికే వెళ్లి మడవ తియ్యాలి, అంటే గట్టుకి గండి కొట్టి నీళ్లు చేలోకి మళ్లించాలి. నాన్నకి డెబ్బై దాటినా ఇప్పటికీ తనే వెళ్తాడు. ఇంట్లో ఉన్నది మూడు పెద్ద బ్యాటరీల పాత టార్చి. ఒక చేతిలో అది, ఇంకో చేతిలో పార. మట్టి లాగాలంటే టార్చి గట్టు మీద పెట్టాలి, పెడితే వెలుతురు ఎటో పోతుంది. పోయినేడు అలా పెట్టి వంగినప్పుడే పక్కన గడ్డిలో కట్లపాము కదిలిందట. కట్లపాము తిరిగేదే రాత్రిపూట. కరిస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. ఆ సంగతి అమ్మ ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

కార్తీక మాసంలో ఊరెళ్లేటప్పుడు పదకొండు వందలు పెట్టి జేబు టార్చి ఒకటి తీసుకెళ్లాను. సాయంత్రం వసారాలో కూర్చుని విప్పబోతే పెట్టె రాదే! అట్టకి గట్టి ప్లాస్టిక్ తొడిగి నాలుగు పక్కలా అతికించేశారు. కత్తెరకి లొంగలేదు. అమ్మ కూరలు తరిగే కత్తి తెచ్చింది. తెగిన ప్లాస్టిక్ అంచు గీసుకుని నా బొటనవేలు కోసుకుపోయింది. దొంగలు సరుకు జేబులో వేసుకోకుండా ఇలా చేస్తారని అంటారు. డబ్బిచ్చి కొన్నవాడి చెయ్యి కోసే పెట్టెని నేను మంచి పెట్టె అనను.

వస్తువు మాత్రం చేతిలోకి రాగానే నచ్చింది. మధ్యవేలంత పొడవు, బొటనవేలంత లావు. నల్లటి అల్యూమినియం ఒళ్లు, చెయ్యి జారకుండా సన్నటి గళ్లు చెక్కి ఉన్నాయి. వెనక రబ్బరు బొత్తాం, పక్కన టోపీకో తలగుడ్డకో తగిలించుకునే క్లిప్పు. నాన్న అటూ ఇటూ తిప్పి "ముద్దుగా ఉందిరా" అన్నాడు. బొత్తాం నొక్కాడు.

వెలగలేదు.

మళ్లీ నొక్కాడు. నేనూ నొక్కాను. ఛార్జింగు పెట్టి చూశాం, లాభం లేదు. పావుగంట అయ్యాక నాన్న దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టి, "పోన్లేరా, వెనక్కిచ్చెయ్. నాకు పాతదే అలవాటు" అన్నాడు. నన్ను నొప్పించకూడదని ఆయన గొంతు తగ్గించి అన్న తీరు నాకు ఇంకా గుర్తుంది.

చివరికి చించి పారేసిన అట్టముక్క వెతికి, ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే, వెనక ఓ మూల చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంది: వాడేముందు లోపలి ప్లాస్టిక్ బిళ్ల తీసెయ్యండి. వెనక మూత తిప్పితే బ్యాటరీకీ మూతకీ మధ్య గోరంత తెల్లటి బిళ్ల. రవాణాలో బొత్తాం నొక్కుకుపోయి లైటు వెలగకుండా, బ్యాటరీ దిగిపోకుండా అడ్డంగా పెడతారు. మంచి ఏర్పాటే. అది తీసి నొక్కగానే వసారా అంతా పట్టపగలైంది.

నా కోపమల్లా ఆ ఒక్క వాక్యం తెలుగులో లేకపోవడం మీద. ప్యాకెట్ సరుకుల మీద ధర, తయారీదారు చిరునామా వగైరా ఎలా రాయాలో 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. ఆ వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు. దాంతోపాటు ఇంకో భాషలో రాసుకుంటే అడ్డేమీ లేదు. అడ్డు లేనిదాన్ని ఎవరూ చెయ్యరు! అదే పురుగుమందు డబ్బా చూడండి, లోపలి కాగితంలో తెలుగు ఉంటుంది. మా నాన్న ప్రతిసారీ కళ్లజోడు పెట్టుకుని మోతాదు చదువుకున్నాకే మందు కలుపుతాడు. అంత చదివే మనిషి, టార్చి ముందు చదువురానివాడిలా కూర్చోవాల్సి వచ్చింది. ఈ పెట్టెలు తయారుచేసేవాళ్లలో ఒక్కరు కూడా రాత్రి పొలం గట్టు మీద నడిచి ఉండరని కచ్చితంగా చెప్పగలను.

పెట్టె ముందు వైపు అంకెలకి మాత్రం చోటు బోలెడుంది. 600 ల్యూమెన్లు (టార్చి ఇచ్చే మొత్తం వెలుతురుకి కొలత), 120 మీటర్లు (వెలుతురు పడే దూరం). టార్చిల కొలతకి వాడే ప్రమాణం ప్రకారం ఆ దూరం అంటే, వెలుతురు 0.25 లక్సుకి తగ్గిపోయే చోటు (లక్సు అంటే ఒక చోట పడే వెలుతురుకి కొలత), సుమారు పున్నమి వెన్నెలంత అన్నమాట. "120 మీటర్ల అవతల వెన్నెలంత పడుతుంది" అని రాస్తే మా నాన్నకి ఒక్క ముక్కలో అర్థమయ్యేది. ఎంతసేపు వెలుగుతుందనే అంకె ఇంకా మోసం. వెలుతురు మొదటిదాంట్లో పదో వంతుకి పడిపోయేదాకా లెక్కేస్తారు. మాది గట్టి వెలుతురులో నాలుగైదు నిమిషాలకే వేడెక్కి, తనంతట తనే తగ్గింది. ఇంత చిన్న ఒంటికి అంత వేడి ఆగదు కాబట్టి తగ్గడం న్యాయమే, కానీ అది ముందు వైపున రాయాలి. రెండుసార్లు గబగబా నొక్కితే టపటపా కొట్టుకునే వెలుగు ఒకటి వస్తుంది. గట్టు మీద దానితో ఏం పనో నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రే వంతు వచ్చింది, నేనూ వెంట వెళ్లాను. టార్చి క్లిప్పు నాన్న తలగుడ్డకి తగిలించాను. ఆయన ఎటు చూస్తే అటే వెలుతురు. రెండు చేతులా పార పట్టుకుని మడవ తీశాడు. నీళ్లు చేలోకి మళ్లాక గట్టు పొడుగునా గడ్డి దుబ్బులన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాడు. నేను వెనకాల నడిచాను.

కొనండి. కొనేముందు మూడు చూసుకోండి: బ్యాటరీ మనం తీసి మార్చుకునేలా ఉండాలి, మొదటి నొక్కుకే మామూలు వెలుతురు రావాలి, క్లిప్పు బిగువుగా ఉండాలి. పెట్టెలో చిన్న కవరులో రబ్బరు రింగులు రెండు ఉంటే పారేయకండి. మూత దగ్గర నీళ్లు లోపలికి పోకుండా ఆపేవి అవే, పాతవి తెగినప్పుడు పనికొస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లకి ఇచ్చేటట్టయితే ఆ ప్లాస్టిక్ బిళ్ల మీరే తీసేసి, ఒకసారి వెలిగించి చూసుకుని, అప్పుడు చేతికివ్వండి.