హెడ్‌ఫోన్ ఆంప్: కలిసినదా, విడివిడిగానా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 42 వేలు చేతికొస్తాయి, ఖర్చులు పోను ఆరు వేలు మిగులుతాయి. బ్యాంకులో 40 వేలున్నాయి. నా దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్ ఉంది. డ్యాక్ (డిజిటల్ ఆడియోను అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది), ఆంప్ (ఆ సిగ్నల్‌ను పెంచి హెడ్‌ఫోన్‌కు ఇచ్చేది) కలిసిన పరికరం 18 వేలు. రెండూ విడిగా కొని స్టాక్‌లా పేర్చుకుంటే కేబుళ్లతో కలిపి 32 వేలు. తర్వాత ఒక్కోటీ మార్చుకోవచ్చని స్నేహితులు స్టాకే తీసుకోమంటున్నారు. షాపువాళ్లు 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: కలిసిన పరికరమే తీసుకోండి. అదీ ఈఎంఐ మీద కాదు, ఆరు నెలలు ఆగి మొత్తం ఒకేసారి కట్టి.

ముందు మీ హెడ్‌ఫోన్‌కు ఎంత పవర్ కావాలో చూద్దాం. హెచ్‌డీ 600 ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డుపడే గుణం) 300 ఓమ్‌లు. కంపెనీ లెక్క ప్రకారం 1 వోల్టుకు 97 డెసిబెల్స్ ఇస్తుంది. సంగీతంలో క్షణకాలం వచ్చే పెద్ద శబ్దాలకు 110 డెసిబెల్స్ కావాలనుకున్నా, మరో 13 డెసిబెల్స్ కోసం దాదాపు 4.5 వోల్టులు చాలు. అంటే 67 మిల్లీవాట్లు. కాబట్టి స్పెసిఫికేషన్లలో 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఇచ్చే పవర్‌గా రాసిన పెద్ద అంకె చూసి మురిసిపోకండి. 300 ఓమ్‌ల దగ్గర 100 మిల్లీవాట్లు, ఆపైన ఉందా అన్నదే చూడండి. 18 వేల పరికరం ఈ అవసరం తీరుస్తుంటే, మిగతా 14 వేలు మీరు ఎప్పుడో చేయబోయే మార్పు కోసం ఇప్పుడే కడుతున్నట్టు.

ఆ మార్పు దారి కూడా మూసుకోనక్కర్లేదు. వెనక ఆర్‌సీఏ లైన్ అవుట్ (మరో ఆంప్‌కు సిగ్నల్ పంపే సాకెట్లు) ఉన్న మోడల్ ఎంచుకోండి. రేపు పెద్ద ఆంప్ కావాలనుకుంటే ఆంప్ ఒక్కటే కొని దానికి కలపొచ్చు, మీ పాత పరికరం డ్యాక్‌గా పనిచేస్తుంది. లైన్ అవుట్‌లో సిగ్నల్ స్థాయి మారదు. ప్రీ అవుట్ అయితే వాల్యూమ్ నాబ్‌తో పాటు మారుతుంది, పవర్డ్ స్పీకర్లకు (ఆంప్ లోపలే ఉన్నవాటికి) అది వీలు. రెండూ లేని పరికరం ఎంత చవకైనా వద్దు.

స్టాక్‌తో వచ్చే చికాకుల్లో ముఖ్యమైనది హమ్. డ్యాక్ కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి, ఆంప్ గోడ సాకెట్ నుంచి కరెంటు తీసుకుంటే మధ్యలోని ఆర్‌సీఏ కేబుల్ ద్వారా గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు కలిసి ఏర్పడే వలయం) ఏర్పడి ‘గుయ్య్’మనే మోత రావచ్చు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి చూడండి, మోత ఆగితే కారణం అదే. యూఎస్‌బీ బదులు ఆప్టికల్ కేబుల్ (కాంతితో సిగ్నల్ పంపేది) వాడితే లూప్ తెగుతుంది, కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు ఉండదు. ఒకే పెట్టెలో ఈ బెడద తక్కువ. స్టాక్ కొనదగ్గ సందర్భం ఒకటుంది: ఇంట్లో ఇప్పటికే మంచి డ్యాకో, లైన్ అవుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేసో (మైక్, వాద్యాలను కంప్యూటర్‌కు కలిపే పరికరం) ఉంటే ఆంప్ ఒక్కటే కొనుక్కోవచ్చు. మీ ప్రశ్నలో ఆ మాట లేదు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ సంగతి. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధర ముందే తగ్గించి చూపిస్తారు. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మాత్రం మీ నెత్తినే. వడ్డీ రేటు 15 శాతమైతే 32 వేల మీద ఏడాదికి వడ్డీ సుమారు 2,450, దానిపై జీఎస్టీ 440 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది అదనం. ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో షాపులో అడగండి. ఈఎంఐ పెడితే ఆ తగ్గింపు కూడా పోతుంది.

నాకు అసలు బెంగ మీ 40 వేల గురించి. మీ నెల ఖర్చు 36 వేలు, అంటే ఉద్యోగం పోతే నెల రోజులకు మించి గడవదు. ఆ డబ్బు ముట్టుకోకండి. కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 2,16,000 చేరేదాకా అత్యవసర నిధి పెరుగుతూనే ఉండాలి. మిగులుతున్న ఆరు వేలలో మూడు వేలు ఆరు నెలల ఆర్‌డీలో వేస్తే 18 వేలు చేతికొస్తాయి, వడ్డీ దానిపైన. మిగతా మూడు వేలు అత్యవసర నిధికి. పరికరం కొన్నాక ఆరు వేలూ అటే వెళ్లాలి.

ఈలోగా ల్యాప్‌టాప్ జాక్‌లోనే వినండి. వాల్యూమ్ వంద శాతానికి పెట్టినా చాలడం లేదంటే ఆంప్ నిజంగానే కావాలి. 70 దగ్గరే సరిపోతుంటే తొందరేమీ లేదు, ఆర్‌డీ ఇంకో ఆరు నెలలు కొనసాగించినా మీకు లోటుండదు. కొనేటప్పుడు భారత్‌లో చెల్లే వారంటీతో జీఎస్టీ బిల్లు ఇచ్చేవారి దగ్గరే కొనండి. విదేశం నుంచి తెప్పించిన పరికరం పాడైతే కొరియర్ ఖర్చే భారమవుతుంది.