బెట్టను తట్టుకునే విత్తనం వేస్తే నీటి బాధ తీరినట్టేనా?

ప్రశ్న: నాది వర్షాధార పొలం. మొక్కజొన్న, శనగ వేస్తాను. కొన్నేళ్లుగా సరిగ్గా పూత సమయంలోనే వానలు ముఖం చాటేస్తున్నాయి. బయోటెక్నాలజీతో చేసిన, బెట్టను తట్టుకునే విత్తనాలు వేస్తే నీళ్లు లేకపోయినా దిగుబడి వస్తుందా? అవన్నీ జన్యుమార్పిడి విత్తనాలేనా?

జవాబు: నీళ్లు లేకుండా పండే విత్తనం ఏదీ లేదండీ. రెండు వానల మధ్య ఎడం పెరిగినప్పుడు పంటను కొన్నాళ్లు నిలబెట్టడమే ఈ రకాలు చేసే పని. ఆ కొన్నాళ్లే చాలాసార్లు రైతును గట్టెక్కిస్తాయి కాబట్టి వాటిని తక్కువగా చూడొద్దు.

అన్నీ జన్యుమార్పిడివి కావు. శనగలో ఐసీసీ 4958 అనే రకానికి వేరు బలం ఎక్కువ. ఆ గుణాన్నిచ్చే జన్యు భాగాన్ని మామూలు సంకరణంతోనే మేలైన రకాల్లోకి తెచ్చారు. లేత ఆకులోని డీఎన్‌ఏను మార్కర్లతో, అంటే ఆ భాగం ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తులతో పరీక్షించి, ఆ భాగం వచ్చిన మొక్కల్నే ప్రతి తరంలో ఏరుకున్నారు. వేళ్లు తవ్వి కొలిచే శ్రమ తగ్గింది, ఏళ్లు కలిసొచ్చాయి. అమెరికాలో 2013 నుంచి రైతులకు అందిన ఒక మొక్కజొన్న మాత్రం జన్యుమార్పిడిదే, అందులో బ్యాక్టీరియా జన్యువు ఉంది. అర్జెంటీనా 2020లో ఆమోదించిన హెచ్‌బీ4 గోధుమలో ఉన్నది పొద్దుతిరుగుడు జన్యువు. ఇక 2025 మేలో భారత్ ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1 వరిది మూడో దారి. ఎంటీయూ 1010 రకంలో బయటి జన్యువేదీ చేర్చకుండా, దాని సొంత జన్యువునొకదాన్ని సవరించి చేశారు.

ఏ పద్ధతిలో చేశారన్నదాని కంటే మీ పొలంలో బెట్ట ఏ దశలో వస్తుందన్నదే నాకు ముఖ్యం. మొక్కజొన్నలో జల్లు (మొక్క కొసన వచ్చే మగపూత) విచ్చే రోజుల్లో తేమ అందకపోతే, కండె మీది పీచు (ఆడపూత) ఆలస్యంగా వస్తుంది. అప్పటికే పుప్పొడి రాలిపోయి, కండెలో గింజ పట్టదు. బెట్టలోనూ జల్లుకూ పీచుకూ మధ్య ఎడం పెరగని రకం మీకు కావాలి. శనగ నేలలో నిల్వ ఉన్న తేమతో పండుతుంది, చివర్లో ఆ తేమ అడుగంటుతుంది. లోతైన నల్లరేగడి అయితే వేరు బలమున్న రకం పనికొస్తుంది. నేల లోతు తక్కువైతే ఎంత మంచి వేరైనా కిందికి దిగలేదు, త్వరగా కోతకొచ్చే రకమే మేలు.

విత్తనం కొనేముందు బెట్ట సంవత్సరం దిగుబడితోపాటు మంచి వానల సంవత్సరం దిగుబడి కూడా అడగండి. కొన్ని రకాలు బెట్టలో నిలిచినా, వానలు బాగున్న ఏడాది వెనకబడతాయి. మొదటి ఏడాది మీ పాత రకం పక్కనే కొద్ది విస్తీర్ణంలో, ఒకే రోజు, ఒకే ఎరువు మోతాదుతో వేసి చూడండి.