హైబ్రిడ్ బండికి ఆయిల్ నువ్వే మార్చుకుంటానంటున్నావు కదా, ముందు ఇది చదువు

అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినప్పుడు అత్త పక్కనే పిలుస్తోంది, సరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నా. సర్వీసు బిల్లు చూసి కడుపు మండిందన్నావు, ఆయిల్ మార్చడానికి ఇంత డబ్బెందుకు, వీడియోలు చూసి నేనే మార్చుకుంటా అన్నావు. వద్దనను. ముప్పై ఏళ్లు ఆర్టీసీ వర్క్‌షాప్‌లో చేతులు నల్లగా చేసుకున్నవాణ్ని, సొంత చేత్తో పని నేర్చుకుంటానంటే నాకంటే సంతోషించేవాడు ఎవడుంటాడు. కానీ నీది మామూలు బండి కాదు, టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్, పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటార్ కూడా లాగే బండి. అందులో ఆయిల్ మార్చే పని పాతదే, చుట్టూ ఉన్న సంగతులే కొత్తవి.

ముందు బిల్లు సంగతి. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో పెద్దది చేసి లైను లైనూ చూశాను. ఆయిల్, ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ (పాత ఆయిల్ దించడానికి విప్పే అడుగు బోల్టు) వాషర్, లేబర్, ఇవన్నీ కలిపినా మొత్తంలో సగం కూడా లేవు. మిగతాదంతా థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజన్ ఫ్లష్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, కింద కోటింగ్. వీటిలో ఏదీ నీ మాన్యువల్‌లోని షెడ్యూల్ పట్టికలో ఉండదు, తీసి చూసుకో. అంటే నీ డబ్బు పోయింది ఆయిల్ వల్ల కాదురా, సర్వీసు అడ్వైజర్ టాబ్ చూపించి టకటకా చదువుతుంటే నువ్వు సరే సరే అన్నందువల్ల. ఈసారి బండి ఇచ్చేటప్పుడు షెడ్యూల్లో ఉన్నవే చెయ్యండి, వేరే ఏదైనా కావాలంటే ఫోన్ చేసి అడిగాకే చెయ్యండి అని జాబ్ కార్డ్ మీద రాయించు. రాయకపోతే సంతకం పెట్టకు.

ఇక నా మాట: ఏడాదికోసారి, లేదా 10,000 కిలోమీటర్లకోసారి వచ్చే సర్వీసు కంపెనీలోనే చేయించు, దాన్ని ముట్టుకోకు. నీ హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. బండిలో అన్నిటికంటే ఖరీదైన వస్తువుల్లో అదొకటి. రేపు దానికేదైనా అయితే వాళ్లు ముందు అడిగేది సర్వీసు రికార్డు. ఆయిల్ మార్చి మిగిల్చుకున్న రెండు మూడు వేల కోసం ఆ రికార్డులో ఖాళీ పెట్టుకోవడం తెలివైన పని కాదు. కానీ మధ్యలో, ఆరు నెలలకోసారి, ఒక ఆయిల్ మార్పు నువ్వే చేసుకో. అది ఎందుకంటావా, చెబుతా.

నువ్వు నిజాంపేట నుంచి హైటెక్ సిటీ వెళ్లి వస్తావు. గంట సేపు బండిలో ఉంటావు, కానీ ఇంజన్ నడిచేది అందులో ఎంత? జేఎన్‌టీయూ దగ్గర ఆగినప్పుడు ఆగిపోతుంది, నెమ్మదిగా పాకేటప్పుడు మోటార్ లాగుతుంది, మళ్లీ ఒక నిమిషం ఇంజన్ వస్తుంది, మళ్లీ ఆగుతుంది. మైలేజీకి అది మంచిదే. ఆయిల్‌కి అంత మంచిది కాదు. ఆయిల్ బాగా వేడెక్కితేనే అందులో చేరిన తేమ, కాలకుండా జారిన పెట్రోలు ఆవిరైపోతాయి. ఇలా వస్తూ పోతూ నడిచే ఇంజన్లో ఆ వేడి నిలవదు. వానాకాలంలో ఒకసారి ఆయిల్ మూత తీసి లోపలివైపు వేలితో రాసి చూడు, పాలమీగడలాంటి జిడ్డు కనిపిస్తే అదే. కంగారు పడకు, కూలెంట్ తగ్గకపోతే అది చాలావరకు తేమే, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక గంట తిప్పుకొస్తే పోతుంది. కానీ ఇంజన్ తక్కువ నడిచింది కదా, ఆయిల్ ఇంకా కొత్తగానే ఉంటుందిలే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు. హైబ్రిడ్‌కి కిలోమీటర్లతో పాటు నెలలూ లెక్కే. మాన్యువల్లో కూడా దుమ్ము రోడ్లు, దగ్గరి ప్రయాణాలు ఉంటే ముందే మార్చమని ఉంటుంది. మన ఊళ్లో ఆ రెండూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు భయం చెబుతాను, ఇది రెండుసార్లు చదువు. మామూలు బండి తాళం తీస్తే చచ్చిపడి ఉంటుంది. నీ బండి రెడీ లైటుతో (కదలడానికి సిద్ధమని ముందు మీటర్లో వెలిగేది) నిశ్శబ్దంగా నిలబడి ఉంటే ఆగిపోయిందని అనుకోకు. బ్యాటరీ కాస్త దిగితే ఎవరినీ అడగకుండా ఇంజన్ తనంతట తానే లేస్తుంది. పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పక్క ఫ్లాట్ ఆయనది ఇలాంటి బండే, ఆయిల్ మారుద్దామని నేనే కిందికి దూరాను. కింద కవర్ విప్పాను, పద్నాలుగో నంబరు సాకెట్ ప్లగ్‌కి పెట్టాను, కొంచెం లూజ్ కూడా చేశాను, అప్పుడు చెవికి సన్నగా ఫ్యాన్ చప్పుడు తగిలింది. బయటికొచ్చి చూస్తే వాళ్ల పిల్లాడు ఉక్కపోస్తుందని ముందు సీట్లో కూర్చుని ఏసీ వేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. వాళ్ల నాన్న జేబులో తాళం ఉంది, వీడు బటన్ నొక్కాడు, అంతే. ఆ ప్లగ్ తీసి ఆయిల్ కారిపోయాక ఇంజన్ లేచి ఉంటే? బేరింగులు ఒట్టి ఇనుము మీద తిరుగుతాయి. నా చెయ్యి ఫ్యాన్ దగ్గర ఉండి ఉంటే అది ఇంకో కథ. ఆ రోజు నుంచి నా పద్ధతి ఒకటే: బండి పూర్తిగా ఆఫ్ చేసి, తాళం పైన ఇంట్లో పెట్టి వచ్చాకే స్పానర్ పడతాను. జేబులో ఉంటే చాలదు, స్మార్ట్ కీ దగ్గర్లో ఉంటే బండి దాన్ని గుర్తుపడుతుంది.

నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తాయి, అవి హై వోల్టేజివి. ఆయిల్ పనికి వాటి దగ్గరికి వెళ్లే అవసరమే లేదు, వెళ్లకు.

ఆయిల్ ఏది అన్నదాంట్లో ఎవరి మాటా వినకు. మాన్యువల్లో ఉన్న గ్రేడే. ఈ కొత్త హైబ్రిడ్ ఇంజన్లకి 0డబ్ల్యూ-16 లాంటి పలుచని ఆయిల్ చెబుతారు. డబ్బాలోంచి పోస్తుంటే నాకే మొదటిసారి అనుమానం వచ్చింది, నీళ్లలా జారింది. నేను బతుకంతా బస్సుల్లో చిక్కటి 15డబ్ల్యూ-40 పోసినవాణ్ని. బస్తీ మెకానిక్ నీకు కచ్చితంగా చెబుతాడు, అన్నా ఇది మన ఎండకి ఆగదు, చిక్కటిది వేద్దాం అని. వద్దను. రోజుకి వందసార్లు ఆగి లేచే ఇంజన్ అది, లేచిన ప్రతిసారీ ఆయిల్ క్షణంలో పైదాకా చేరాలి, పలుచనిదైతే త్వరగా చేరుతుంది, రాపిడి తగ్గి మైలేజీకీ మంచిది. కొనేది కూడా కంపెనీ డీలర్ పార్ట్స్ కౌంటర్లోనే కొను, నకిలీ డబ్బాలు మార్కెట్లో చాలా ఉన్నాయి. ఫిల్టర్, వాషర్ అక్కడే తీసుకుని బిల్లు దాచు.

పనిలో రెండే చోట్ల మనుషులు తప్పు చేస్తారు. ఒకటి, డ్రెయిన్ ప్లగ్‌ని కోపంగా బిగించడం. మర పోతే సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మొత్తం మార్చాల్సి రావచ్చు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ రాణిగంజ్‌లో దొరుకుతుంది, లేదా నా దగ్గరది వాడుకో. పాత వాషర్ మళ్లీ వెయ్యకు. రెండోది ఫిల్టర్. చాలా ఏళ్ల కింద నా మారుతి 800కి పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగ్ ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది, చూసుకోలేదు. దానిమీదే కొత్తది బిగించాను. మర్నాడు ఉప్పల్ దాటకముందే ఆయిల్ ఎర్ర లైటు వెలిగింది, వెనక రోడ్డు మీద ఆయిల్ గీత. వెంటనే ఆపాను కాబట్టి ఇంజన్ దక్కింది. పాత ఫిల్టర్ చేతిలోకి రాగానే దానికి రింగ్ ఉందో లేదో వేలు పెట్టి చూడు. కొత్త రింగ్‌కి కాస్త ఆయిల్ రాయి.

జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు, వెనక చక్రాలకి రాళ్లు పెట్టు, సెల్లార్లోకి దిగే ర్యాంపు లాంటి వాలు మీద అసలు వద్దు. ఆయిల్ పోశాక లీకు చూడాలంటే ఇంజన్ నడవాలి కదా, బండి చల్లగా ఉంటే బటన్ నొక్కగానే చాలావరకు అదే లేస్తుంది, లేవకపోతే గేరు పీలో (పార్కింగ్) ఉంచి యాక్సిలరేటర్ కాస్త తొక్కు. ఒక నిమిషం నడిపి, ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడు. పైగీత దాటి పొయ్యడం కూడా తప్పే.

తీసిన ఆయిల్ డ్రైనేజీలో పొయ్యొద్దు, నా మీద ఒట్టు. ఆ నాలాలన్నీ ఎక్కడికి పోతాయో నీకు తెలుసు, మూసీకే. ప్రమాదకర వ్యర్థాల మీద కేంద్రం తెచ్చిన 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. అదే డబ్బాలో పోసి మూత పెట్టు, పెద్ద సర్వీసు గ్యారేజీలు డ్రమ్ములో పోగు చేసి రీసైక్లింగ్ వాళ్లకి ఇస్తాయి, అడిగితే తీసుకుంటారు.

ఇంకో మాట, బిల్లులో ఎవరూ పెట్టనిది. హైబ్రిడ్ బ్యాటరీకి చల్లగాలి వెళ్లే దారి క్యాబిన్‌లోపల ఉంటుంది, ఎక్కడో మాన్యువల్లో బొమ్మ ఉంది. అక్కడ బ్యాగులు, దుప్పట్లు అడ్డం పెట్టకు, దుమ్ము పట్టిందేమో చూస్తుండు. మీ ఇంటి పక్కన కట్టే బిల్డింగు దుమ్ముకి నాకు ఆయిల్ కంటే అదే ఎక్కువ బెంగ.

మొదటిసారి ఒక్కడివే చెయ్యకు. వచ్చే ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందే బండి తీసుకుని ఇక్కడికి రా. మా సెల్లార్లో నేల చదునుగా ఉంది, స్టాండ్లు నా దగ్గరున్నాయి, నువ్వు చేస్తుంటే నేను పక్కన కూర్చుంటా. మాన్యువల్ తెచ్చుకో. టిఫిన్ ఇక్కడే. బండి దిగగానే తాళం మాత్రం అత్త చేతికిచ్చెయ్.

మీ మామ