వెనిస్ డిటెక్టివ్ నవలలు అంతగా ఎందుకు పట్టేస్తాయి?

అక్కడ నేరం కన్నా ఊరే ఎక్కువ పని చేస్తుంది కాబట్టి. పాత వెనిస్‌లో కార్లు తిరగవు, అంచేత ఛేజింగులకు చోటు లేదు. ఇన్‌స్పెక్టర్ నడవాలి, లేదా వపొరెట్టో అనే నీటి బస్సు ఎక్కాలి. ఆలోచనంతా ఆ నడకలోనే సాగుతుంది. రాత్రి సందుల్లో బండ్ల రొద ఉండదు, వెనకాల అడుగుల చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. చిరునామా మరో చిక్కుముడి: ఇంటి నంబర్లు వీధివారీగా ఉండవు, ‘సెస్తియేరే’ అనే 6 పేటల్లో పేటకో వరుసగా వేలల్లోకి పోతాయి.

చలికాలం ముందు మొదలయ్యే ‘ఆక్వా ఆల్తా’ అనే సముద్రపు పోటు రచయితకు వరం. 2019 నవంబరు 12న నీరు 187 సెంటీమీటర్లకు చేరింది. రేవు మెట్లు మునిగితే ఆధారాలూ కొట్టుకుపోతాయి. అయితే 2020 నుంచి సముద్రపు గేట్లు పెద్ద పోట్లను ఆపుతున్నాయి. ఇప్పటి కథలో ఊరంతా ముంచేస్తే నమ్మబుద్ధి కాదు.

చాలామంది బోల్తా పడేది పోలీసు పద్ధతి దగ్గర. ఇటలీలో దర్యాప్తును నడిపించేది ప్రాసిక్యూటర్. కమిస్సారియో, అంటే పోలీసు అధికారి, ఒక్కడే అంతా తేల్చెయ్యలేడు. మామూలు పోలీసులు, కరబినియేరి అనే సైనిక పోలీసులు వేర్వేరు దళాలు కూడా. ఆ లాగులాటలోనే సగం రసం. పేజీకో గొండోలా పడవ కనిపిస్తే మాత్రం అది టూరిస్టు కరపత్రమే, పక్కన పెట్టేయండి.