మారుమనస్సు, మారే మనసు

సందేహం: ‘పశ్చాత్తాపం’ అనే చక్కని మాట ఉండగా తెలుగు బైబిలులో ‘మారుమనస్సు’ అని ఎందుకు రాశారు? మారువేషం, మారుపేరు అన్నప్పుడు అసలుది కాదనే కదా అర్థం. మారుతల్లి అంటే సవతితల్లి. ఆ లెక్కన మారుమనస్సు అంటే దొంగ మనసో, నిలకడలేని మనసో కావాలి. పైగా తెలుగు మాటకు సంస్కృతపదం అతికించడం దోషం కాదా? రక్షణ, సువార్త, బాప్తిస్మం అనే మాటల గురించి కూడా చెప్పగలరు. (ఒక పాఠకురాలు)

సమాధానం: సమాసం సంగతి ముందు తేల్చేద్దాం. ఆచ్ఛికం (అచ్చతెలుగు మాట) మీద తత్సమం (సంస్కృతం నుంచి వచ్చిన మాట) చేరితే మిశ్రసమాసం. చిన్నయసూరి ఒప్పుకున్నదే. అందులో దోషం లేదు.

అసలు చిక్కంతా ‘మారు’ దగ్గరుంది. ఈ మాటను పూర్వం శకటరేఫంతో, అంటే బండి ‘ఱ’తో, ‘మాఱు’ అని రాసేవారు. తమిళ మలయాళాల్లోనూ ఇదే ధాతువు మార్పు అనే అర్థంలోనే ఉంది. కన్నడంలో మాత్రం ‘మారు’ అంటే అమ్మడం. మారడానికీ అమ్మడానికీ ఏమి చుట్టరికమంటారా? డబ్బు చలామణిలోకి రాకముందు అమ్మకమంటే ఒక వస్తువిచ్చి దాని చోట ఇంకొకటి తెచ్చుకోవడమే. మన ‘మారకం’లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. కాబట్టి ఈ ధాతువులో నకిలీతనం లేదు. ఒకటి తప్పుకొంటే దాని చోటికి మరొకటి రావడమే ఇందులోని భావం. మాటకు బదులుగా వచ్చేది మారుమాట. కట్టుకున్నది విడిచి కట్టుకునేది మారుబట్ట. ఒక మనువు పోయాక జరిగేది మారుమనువు. తల్లి చోటికి వచ్చినామె మారుతల్లి. ఆమె చెడ్డదని చెప్పేవి కథలు, ఆ మాట కాదు. మారువేషంలో మోసం ఉంటే అది వేషానిది, ‘మారు’ది కాదు.

ఈ చుట్టరికాలను కంటికి పట్టించేది ఆ ‘ఱ’ అక్షరమే. దాన్ని వర్ణమాల చివర మొక్కుబడిగా చూపించి వదిలేస్తున్నాం. ఇప్పుడు అందరూ ‘మాఱు’ అనే రాయాలని పట్టుపట్టను, ఆ కాలం దాటిపోయింది. కాని మాటల పుట్టుక చెప్పబూనినవాళ్ళయినా అది ఏ రేఫమో నిఘంటువులో చూసుకోవద్దా? చూసుకోకపోతే మన్మథుడైన మారుణ్ణి తెచ్చి మారుమనస్సుకు అంటగట్టే ప్రమాదం ఉంది.

నిలకడలేని మనసు అన్న మీ అనుమానాన్ని మాత్రం తీసిపారేయలేను. పారు నీరు, వీచు గాలి అన్నట్టు ‘మారు’ను తద్ధర్మ విశేషణంగా, అంటే స్వభావం చెప్పే విశేషణంగా, తీసుకుంటే ‘మారుతూ ఉండే మనసు’ అనే అర్థమే వస్తుంది. విడగొట్టి ‘మారు మనసు’ అని అచ్చువేస్తే చదివేవాడు అటే పోతాడు. కలిపి ‘మారుమనస్సు’ అని రాస్తే మారుమాట, మారుబట్టల వరసలో నిలిచి ‘పాతదాని చోటికి వచ్చిన మరో మనస్సు’ అవుతుంది. ఇది నా ఊహ మాత్రమే కాదు. మలయాళ బైబిలులో ఇదే చోట ‘మానసాంతరం’ అనే మాట ఉంది. దేశాంతరం అంటే మరో దేశం, భాషాంతరం అంటే మరో భాష, మానసాంతరం అంటే మరో మనస్సు. వాళ్ళు సంస్కృతంలో ‘అంతరం’తో చెప్పినదాన్ని మనవాళ్ళు తెలుగులో ‘మారు’తో చెప్పారు. నాకైతే మనదే ముద్దుగా ఉంది.

ఇక గ్రీకు మూలంలో ఉన్న మాట ‘మెతానోయియ’. ‘మెత’ అంటే తర్వాత అనీ, మార్పు అనీ అర్థం. ‘నూస్’ అంటే మనస్సు. ‘పశ్చాత్’ అన్నా తర్వాతే కదా! రెండు మాటలకూ మొదలు ఒకటే. గ్రీకు మాట మనస్సు దగ్గరికి వెళ్ళింది, సంస్కృతం మాట తాపం దగ్గరికి వెళ్ళింది. తమిళ బైబిలు మూడో దారి పట్టి ‘మనసు తిరగడం’ అన్నది. హీబ్రూ ప్రవక్తలు ఎప్పుడూ వాడిన ‘షూబ్’ అన్న క్రియకు మరలడం, తిరిగి రావడం అని అర్థం. తమిళుల మాట దానికి దగ్గరగా ఉంది.

ఈ ఒక్క మాటను ఎలా అనువదించాలన్న దానిమీద ఐరోపాలో పెద్ద దుమారమే రేగింది. నాలుగో శతాబ్దిలో జెరోము సవరించిన లాటిను సువార్తల్లో ఇక్కడ ఉన్న మాటను జనం రానురాను ప్రాయశ్చిత్త కర్మగా అర్థం చేసుకున్నారు. గురువు దగ్గర తప్పు ఒప్పుకోవడం, ఆయన విధించింది చెల్లించడం, అంతటితో సరి. గ్రీకు తెలిసిన ఎరాస్మస్ వంటి పండితులు అది మూలానికి చాలదన్నారు. 1517లో జర్మన్ మతసంస్కర్త లూథర్ ప్రకటించిన 95 ప్రతిపాదనల్లో మొదటిది దీనిమీదే. క్రీస్తు ఈ మాట అన్నప్పుడు విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా సాగాలని కోరాడని దాని సారం.

పశ్చాత్తాపం తెలుగు బైబిలులో లేకపోలేదు. మత్తయి 27వ అధ్యాయంలో, క్రీస్తును పట్టిచ్చిన శిష్యుడు యూదా ‘పశ్చాత్తాపపడి’ ముప్పది వెండి నాణేలు తిరిగి తెచ్చాడు, వాటిని దేవాలయంలో పారవేశాడు, వెళ్ళి ఉరిపెట్టుకున్నాడు. మూలంలోనూ అక్కడ ఉన్నది వేరే మాటే. అతనికి తాపం నిండా ఉంది, కాని దాని తర్వాత రావలసిన మరో మనస్సు రాలేదు. పౌలు కూడా కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో దైవచిత్తానుసారమైన దుఃఖం మారుమనస్సును కలిగిస్తుందన్నాడు. అంటే దుఃఖం కారణం, మారుమనస్సు కార్యం. తప్పిపోయిన కుమారుడి కథలో ‘బుద్ధి వచ్చినప్పుడు’ అన్న తెలుగు చూడండి. పందుల మధ్య ఆకలితో కూర్చున్నవాడు లేచి తండ్రి ఇంటి దారి పట్టడానికి అంతకంటే సొంతమైన నుడికారం ఉందా?

అయితే గీత మరీ గట్టిగా గీయకండి. యూదా విషయంలో వాడిన గ్రీకు క్రియే తోటకు పోనని చెప్పి తర్వాత వెళ్ళిన కొడుకు ఉపమానంలోనూ వస్తుంది. అక్కడ అది మంచికే దారితీసింది. సందర్భాన్ని బట్టే తీర్పు.

నాకు కోపం తెప్పించే వాడుక వేరొకటుంది. ‘ఫలానావారు మారుమనస్సు పొందారు’ అంటే మతం మారారని అర్థం చెప్పేస్తున్నారు. బాప్తిస్మమిచ్చు యోహాను ఈ మాట అన్నది యూదులతో, అంటే తన మతంవారితోనే! మేమేం చేయాలని వాళ్ళడిగితే, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలన్నాడు. సుంకరులతో విధించినదానికన్న ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. ఇంత బరువున్న మాటను పేరు మార్పిడికి కుదించడం అన్యాయం.

తక్కిన మాటలు: ‘సువార్త’ గ్రీకు ‘ఎవాంగెలియొన్’కు అచ్చంగా సరిపోయిన మాట, అక్కడి ‘ఎవ్’ ఇక్కడి ‘సు’. ‘రక్షణ’ అన్నది కావలి కాయడం కాదు, పాపం నుంచి విడిపించడం. ‘బాప్తిస్మం’ అనువదించకుండా తెచ్చుకున్న గ్రీకు మాట, మూలార్థం ముంచడం. గురువు దగ్గర తప్పు ఒప్పుకోవడాన్ని కథోలికులు ‘పాపసంకీర్తనం’ అంటారు. అది వినడానికి వింతగా ఉన్నా, బయటికి చెప్పుకోవడమే సంకీర్తనానికి తొలి అర్థం.

చేసిన తప్పుకు కుమిలిపోవడం చెప్పాలంటే పశ్చాత్తాపం, జీవితం తిరిగిన మలుపు చెప్పాలంటే మారుమనస్సు అని వాడితే మేలు. ‘మనసు మార్చుకోవడం’ తేలిక తెలుగే గాని, వస్తానన్నవాడు రాకపోయినా ఆ మాటే అంటాం, అందుకని నాకు కాస్త సంకోచం. కొత్త అనువాదకులు దాన్నే వాడితే తప్పని మాత్రం అనను. ఏది వాడినా ‘పశ్చాతాపం’ అని ఒత్తు మింగి రాయకండి. పశ్చాత్‌లోని తకారం, తాపంలోని తకారం రెండూ అక్కడ ఉండాలి.