గిటారుకు మార్పులు చేయిస్తే వారంటీ పూర్తిగా పోతుందా?

ప్రశ్న: నేను గిటారు పాఠాలు చెబుతూ, కచేరీలలో వాయిస్తూ జీవనం సాగిస్తున్నాను. నిరుడు అధీకృత డీలరు వద్ద బిల్లు తీసుకుని ఖరీదైన సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను. రెండో నెలలోనే పన్నెండో ఫ్రెట్ (గిటారు మెడపై అడ్డంగా బిగించిన లోహపు పట్టీ) దగ్గర లావు తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటున్నాయని డీలరుకు వాట్సాప్‌లో రాశాను. సెటప్ (తీగల ఎత్తు, మెడ వంపు సరిచేసే పని) చేయిస్తే సర్దుకుంటుందని జవాబిచ్చారు. నాలుగో నెలలో ఒక టెక్నీషియన్ చేత బ్రిడ్జ్ (బాడీపై తీగలు ఆనే భాగం) వైపు ఉన్న సింగిల్ కాయిల్ పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) తీయించి హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) పెట్టించాను, ట్యూనర్లు (తీగలను బిగించి శ్రుతి చేసే మరలు) కూడా మార్పించాను. హంబకర్ కోసం బాడీలో ఆయన తొలిచిన గుంత పక్కకు పోయింది, పికప్ పోల్ పీసులు (పికప్‌పై ఉండే చిన్న లోహపు బొడిపెలు) తీగల కిందికి రావడం లేదు. ఒప్పుకున్న కూలి మొత్తం ఇచ్చినా, పని అనుకున్నదానికంటే ఎక్కువైందని, ఇంకొంత ఇస్తేనే పాత పికప్, పాత ట్యూనర్లు ఇస్తానంటున్నాడు. ఇప్పుడు నెక్ (గిటారు మెడ) మెలితిరిగిందని మరొకరు పరీక్షించి చెప్పారు. మార్పులు చేయించారు కాబట్టి వారంటీ రద్దయిందని డీలరు అంటున్నారు. నాకున్న దారి ఏమిటి? వేరొకరు తయారు చేసిన నెక్ వేయించుకుని, దానిపై అదే కంపెనీ పేరు అతికించుకోవచ్చా?

జవాబు: నెక్ విషయంలో మీ హక్కు నిలిచే ఉంది. పికప్, వైరింగ్, బాడీలో తొలిచిన భాగం, ట్యూనర్లు బిగించిన చోటు, వీటికి సంబంధించి మాత్రం డీలరును గాని, తయారీదారును గాని మీరు అడగలేరు. గిటారును తిరిగి ఇచ్చేసి పూర్తి ధర వాపసు కోరే అవకాశం కూడా చాలావరకు తగ్గిపోయింది. ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి కలపకుండా చూడగలిగితే మీ కేసు బలంగా ఉంటుంది, కలిపితే బలహీనపడుతుంది.

మీరు గ్రహించవలసిన ముఖ్య విషయం కార్యకారణ సంబంధం. గిటారులో మార్పు జరిగిందని చూపినంత మాత్రాన డీలరు బాధ్యత తీరిపోదు, ఆ మార్పు వల్లనే ఈ లోపం వచ్చిందని కూడా ఆయన చూపవలసి ఉంటుంది. నెక్ మెలితిరగడమంటే లావు తీగల వైపు ఒక వంపు, సన్న తీగల వైపు మరొక వంపు రావడం. దీనికి కారణాలు సాధారణంగా కలపను ఆరబెట్టడంలోను, కలప నారల దిశలోను, తేమ మార్పులలోను ఉంటాయి. నెక్ ముందుకో వెనక్కో సమంగా వంగితే ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) తిప్పి సరిచేయవచ్చు గాని, మెలికను దానితో సరిచేయడం సాధ్యం కాదు. కనుక ‘సెటప్ చేయిస్తే సర్దుకుంటుంది’ అన్న డీలరు జవాబు ఆనాడే సరైనది కాకపోయి ఉండవచ్చు. బ్రిడ్జ్ పక్కన బాడీలో గుంత తొలిచినందువల్ల నెక్‌పై పడే తీగల లాగుడు మారదు, పికప్ అయస్కాంతాలకు కలపను తిప్పే శక్తి లేదు. ట్యూనర్ల కోసం హెడ్‌స్టాక్‌లో (నెక్ చివరి తలభాగంలో) కొత్త రంధ్రాలు వేసినప్పుడు అక్కడ చీలిక వస్తే అది ఆ పని వల్ల వచ్చినదే అనవచ్చు గాని, ఫ్రెట్ బోర్డు (ఫ్రెట్లు బిగించిన పలక) పొడవునా వచ్చిన మెలికను ఆ రంధ్రాల ఖాతాలో వేయడం కష్టం. అన్నింటికీ మించి, మార్పులు చేయించక ముందే, రెండో నెలలోనే మీరు గరగర గురించి రాసిన సందేశం ఉంది. నా దృష్టిలో మీ దస్తావేజులలో బిల్లు తర్వాత విలువైనది అదే. ఆ ఫోనును మార్చకండి, సంభాషణను తుడిచివేయకండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నియమాలను సివిల్ కోర్టులంత కఠినంగా పాటించవు, అయినప్పటికీ భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రాన్ని ఎలక్ట్రానిక్ రికార్డుకు జతచేయడం మంచిది.

ఎదుటి పక్షం ఏమి వాదించగలదో కూడా ముందే ఆలోచించాలి. మీరు కొన్నప్పటికంటే లావైన తీగలు వేసి ఉంటే నెక్‌పై లాగుడు పెరుగుతుంది. సన్న తీగ 0.009 అంగుళాల సెట్టు నుంచి 0.011 అంగుళాల సెట్టుకు, అదే శ్రుతిలో మారితే ఆ పెరుగుదల చెప్పుకోదగినంత ఉంటుంది. నెక్ బోల్టులతో బిగించిన రకమైతే, టెక్నీషియన్ దానిని విప్పాడా, సందులో పలుచని చెక్క ముక్క పెట్టాడా అని అడుగుతారు. ఈ ప్రశ్నలకు నిజమైన సమాధానాలు మీ న్యాయవాదికి ఇప్పుడే చెప్పండి. అలాగే, కొత్త పికప్ తీగలకు మరీ దగ్గరగా ఉండి స్వరం వణుకుతున్నా, ఎర్తింగ్ సరిగా లేక హమ్ వినిపిస్తున్నా, ఆ ఫిర్యాదులను డీలరుపై పెట్టవద్దు. అవి మార్పుల వల్ల వచ్చినవే కావచ్చు, వాటిని చేర్చితే న్యాయమైన ఫిర్యాదుపై కూడా అనుమానం కలుగుతుంది.

తర్వాత వారంటీ కార్డును అక్షరం అక్షరం చదవండి. ‘మార్పుల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు’ అని ఉంటే మీకు ఇబ్బంది లేదు, పైన చెప్పిన వాదనే సరిపోతుంది. ‘ఏ మార్పు చేసినా వారంటీ మొత్తం రద్దు’ అని ఉంటే వాదన కష్టమవుతుంది గాని ముగిసిపోదు. నిబంధన రెండు అర్థాలకు తావిచ్చినప్పుడు దానిని రాసిన పక్షానికి వ్యతిరేకంగా అర్థం చేసుకోవడం న్యాయస్థానాలు పాటించే సూత్రం. ఆ నిబంధన అన్యాయమైన ఒప్పందమని ప్రకటించమని కోరదలచుకుంటే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఆ ఫిర్యాదు రాష్ట్ర కమిషన్ ముందుకు వెళ్లాలి, ఆ అధికారం జిల్లా కమిషన్‌కు లేదు. మీ విషయంలో అంత దూరం పోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. వారంటీ కార్డుతో సంబంధం లేకుండానే చట్టం మీకు ఇచ్చిన రక్షణ ఒకటి ఉంది.

వస్తువుల విక్రయ చట్టం 1930లోని 16వ సెక్షన్ ప్రకారం, ఆ రకం సరుకుల వ్యాపారం చేసే విక్రేత నుంచి వర్ణనను బట్టి కొన్న వస్తువు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్నది ఒప్పందంలో రాయకపోయినా అంతర్లీనంగా ఉండే షరతు. కొనేటప్పుడు మీరు వస్తువును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడవలసిన లోపాలకు మాత్రమే ఆ షరతు వర్తించదు. దుకాణంలో కొద్దిసేపు వాయించి చూసినంతలో కలప లోపలి ఒత్తిడి తెలియదు. అయితే అదే చట్టంలోని 42వ సెక్షన్ మీకు ప్రతికూలం: విక్రేత యాజమాన్యానికి విరుద్ధమైన పని ఏదైనా కొనుగోలుదారు ఆ వస్తువుపై చేస్తే, వస్తువును స్వీకరించినట్లే లెక్క. బాడీని తొలిపించడం అటువంటి పనే. స్వీకరించిన తర్వాత, 13వ సెక్షన్ ప్రకారం, షరతు భంగమైనా వస్తువును తిరస్కరించే హక్కు ఉండదు, 59వ సెక్షన్ కింద ధర తగ్గింపు గాని, నష్టపరిహారం గాని కోరవచ్చు. అందుకే పూర్తి ధర వాపసును ప్రధాన కోరికగా పెట్టవద్దని నా సలహా. నెక్‌ను ఉచితంగా మార్చి ఇవ్వాలని, లేదా అలా మార్చడానికి అయ్యే ఖర్చును, దానితో పాటు తగిన పరిహారాన్ని చెల్లించాలని కోరండి. ఆ కోరిక చట్టానికి సరిపోతుంది, న్యాయంగానూ ఉంటుంది.

మీరు గిటారుతో సంపాదిస్తున్నారు కాబట్టి వినియోగదారులు కారన్న అభ్యంతరం రావచ్చు. స్వయం ఉపాధి ద్వారా జీవనం కోసమే వాడుకునే వస్తువును వాణిజ్య ప్రయోజనంగా పరిగణించరాదని 2019 చట్టంలోని 2(7) సెక్షన్ వివరణ చెబుతోంది. పాత చట్టంలోని ఇటువంటి వివరణనే సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో విశదీకరించింది. మీరే స్వయంగా వాయిస్తున్నారు, మీరే పాఠాలు చెబుతున్నారు, కనుక ఆ రక్షణ మీకు వర్తిస్తుంది. ఈ సంగతిని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

ముందుగా డీలరుకు, తయారీదారుకు లేదా దిగుమతిదారుకు లీగల్ నోటీసు పంపించి, సమాధానానికి 15 రోజులు గడువు ఇవ్వండి. ఫలితం లేకపోతే మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు, డీలరు ఊరికి వెళ్లనక్కరలేదు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించని కేసులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి, 5 లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు. 2019 చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం కాలపరిమితి వ్యాజ్య కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలు. దానిని డీలరు నిరాకరించిన తేదీ నుంచి కాక, మీరు మొదటి సందేశం పంపిన తేదీ నుంచి లెక్కించుకుంటే ఏ వివాదమూ ఉండదు. మెలికను పరీక్షించిన వ్యక్తి చేత, స్ట్రెయిట్ ఎడ్జ్ (నిటారైన లోహపు బద్ద), ఫీలర్ గేజ్ (సన్నని సందులను కొలిచే రేకులు) వాడి రెండు వైపులా తీసిన కొలతలు, అప్పుడు ఉన్న తీగల మందం, తేదీ, ఫోటోలు చేర్చి సంతకంతో నివేదిక రాయించుకోండి. ‘నెక్ పాడైంది’ అన్న ఒక్క వాక్యం కమిషన్‌కు ఉపయోగపడదు.

ఇక టెక్నీషియన్ విషయం. మీరు గిటారును ఒక పని కోసం ఆయనకు అప్పగించారు, దీనికి భారత కాంట్రాక్టు చట్టం 1872లోని బెయిల్‌మెంట్ నియమాలు వర్తిస్తాయి. 170వ సెక్షన్ పనివారికి న్యాయమైన హక్కునే ఇచ్చింది: తన శ్రమకు రావలసిన ప్రతిఫలం అందేవరకు ఆ వస్తువును తన వద్ద ఉంచుకోవచ్చు. కాని ఒప్పుకున్న కూలి మీరు పూర్తిగా చెల్లించారు. పని పెరిగిందని ముందుగా చెప్పి మీ అంగీకారం తీసుకోనప్పుడు, ఆ అదనపు మొత్తం ‘రావలసిన ప్రతిఫలం’ కాదు. విప్పి తీసిన పికప్, ట్యూనర్లు మీ ఆస్తి, పని ముగిశాక వాటిని తిరిగి ఇవ్వడం 160వ సెక్షన్ ప్రకారం ఆయన విధి, ఇవ్వకుండా ఉంచుకున్న కాలంలో అవి పోయినా చెడినా 161వ సెక్షన్ కింద ఆయనదే బాధ్యత. గుంత పక్కకు పోవడం సేవాలోపం. అదే జాతి కలపతో పూడ్చి, మళ్లీ తొలిచి, రంగు సరిచేయడానికి ఎంత అవుతుందో మరొకరి చేత రాతపూర్వక అంచనా తీసుకుని ఆ మొత్తం కోరండి. నమ్మకద్రోహమంటూ పోలీసు ఫిర్యాదుకు తొందరపడవద్దు. ఇది స్వభావరీత్యా సివిల్ వివాదం, పైగా గిటారు ఏ స్థితిలో తన చేతికి వచ్చిందో చెప్పగలిగిన సాక్షి కూడా ఆయనే. ఈ ఫిర్యాదును డీలరు కేసుతో కలపకుండా విడిగా వేయండి. నెక్ లోపానికి టెక్నీషియనే కారణమని డీలరు రాతపూర్వకంగా ఆరోపిస్తే, అప్పుడు ఆయనను కూడా పక్షకారునిగా చేర్చడం గురించి ఆలోచించవచ్చు.

చివరి ప్రశ్నకు నా సమాధానం, అలా చేయవద్దు. వేరొకరు చేసిన నెక్‌పై యజమాని అనుమతి లేకుండా కంపెనీ పేరు అతికించడం ట్రేడ్ మార్కుల చట్టం 1999లోని 102, 103 సెక్షన్ల కిందికి రాగలదు, శిక్ష 6 నెలల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. మోసగించే ఉద్దేశం లేదని నిరూపించుకునే అవకాశం చట్టంలో ఉంది గాని, ఆ భారం మీ మీదే పడుతుంది, రేపు ఆ గిటారును అమ్మిన నాడు ఆ వాదన నిలవదు. పేరు లేని నెక్ వేయించుకోవడంలో తప్పేమీ లేదు. దానిని విదేశం నుంచి తెప్పిస్తే ఫ్రెట్ బోర్డు కలప ఏమిటో బిల్లులో రాయించుకోండి. 2017 జనవరి నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ) ఒప్పందం కింద అనుమతులు అవసరమైన రోజ్‌వుడ్ జాతులలో, తయారైన వాద్యాలకు, వాటి భాగాలకు 2019 నవంబరు 26 నుంచి మినహాయింపు ఇచ్చారు, 1992 నుంచి కఠిన నిషేధంలో ఉన్న బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు. అయితే కమిషన్ నియమించే నిపుణుడు చూసేవరకు ఇప్పుడున్న నెక్‌ను విప్పించకండి, ట్రస్ రాడ్‌ను కూడా కదిలించకండి. కచేరీల కోసం తప్పనిసరిగా మార్చవలసి వస్తే, డీలరుకు రాతపూర్వకంగా తెలియజేసి, పరీక్షకు వారం గడువు ఇచ్చి, ఆ తర్వాతే విప్పించి, పాత నెక్‌ను సీరియల్ నంబరు కనిపించేలా ఫోటోలు తీసి, కేసు ముగిసేవరకు భద్రపరచండి.